చీపురు గుర్తు

1వ రోజు

ఈ కొత్త కంప్యూటరు మనకు అలవాటు కావాలంటే ముప్పై రోజులు రోజూ ఇందులో ఏదో ఒకటి రాయాలట. బిగించడానికి వచ్చిన ఫర్జానా అక్క చెప్పి వెళ్ళింది.

"తప్పులున్నా అది ఏమనుకోదు చెల్లె. నువ్వెట్ల రాస్తవో, ఎట్ల మాట్లాడుతవో నేర్చుకుంటది. సిగ్గుపడకు, అది మనిషి కాదు."

నేను ఐదో తరగతి వరకే చదివాను. ఏం రాయాలో తెలియదు. ఇంట్లో జరిగింది రాస్తాను.

పాతదాన్ని గోనెసంచిలో వేసుకొని తీసుకుపోయారు. అది ఉన్నచోట బల్లమీద చతురస్రంగా ఒక తెల్లటి జాగా మిగిలింది. చుట్టూ దుమ్ము, అక్కడ లేదు. కొత్తది దానికంటే సన్నగా ఉంది. ఆ జాగాను నింపలేదు.

పాతదానిలో నడిచే పద్ధతి పేరు పొద్దు. దీనిలోది వరుస. బాయిలో అన్ని ఇళ్ళకూ ఇక వరుసేనట, పెద్దమనుషుల సంఘం తీర్మానం చేసింది. మా ఊరిని మేం బాయి అంటాం. మా ముత్తాతలు బొగ్గు తీసిన గొయ్యి ఇది. పైన ఎండకు మనిషి నిలవలేని కాలం వచ్చాక అందరూ ఇందులోకి దిగారు. గొయ్యి గోడలు వీధంత వెడల్పు మెట్లుగా తవ్వి ఉంటాయి, మా ఇల్లు పైనుంచి తొమ్మిదో మెట్టులో.

అత్తమ్మ మంచంలో నుంచి అడిగింది. "మాట్లాడుతదా అది?"

"మాట్లాడుతదట అత్తమ్మా."

"అయితే నీకంటె నయమే."

2వ రోజు

పాతదానిలో నేను ఏదీ చదివేదాన్ని కాదు. ఫ్యాను బొమ్మ ఎడమ పక్క కింది నుంచి రెండోది. నీళ్ళది కుడి మూల. తలుపుది నడుమ. పెళ్ళయిన వారానికి ఆయన నా చెయ్యి మౌసు మీద పెట్టి, పైన తన చెయ్యి పెట్టి నేర్పాడు. "చదవకు. చేతికి ఒదిలెయ్. చేతికి ఎర్కయితది" అన్నాడు. నిజంగానే తెలిసేది. అన్నం వండుతూ, తెర వైపు చూడకుండా కూడా ఫ్యాను పెంచేదాన్ని.

ఇప్పుడు బొమ్మలన్నీ కింద ఒకే వరసలో ఉన్నాయి. అన్నిటికీ ఒకటే రంగు. మూసే గుర్తు కుడి పక్క నుంచి ఎడమ పక్కకు పోయింది. మౌసు చక్రం కిందికి తిప్పితే కాగితం వెనక్కి పోతోంది.

మధ్యాహ్నం ఫ్యాను పెంచుదామని ఎడమ పక్క కింద నొక్కాను. ఫ్యాను ఆగిపోయి తలుపు తెరుచుకుంది. తలుపుకు కట్టిన తడి గోనె ఒక్క నిమిషంలో ఎండి గరగరమంది.

"ఏం జేసినవే పిల్లా? నన్ను కుండలేసి ఉడకబెడుతున్నవా?" అని అత్తమ్మ కేక వేసింది.

తలుపు మూద్దామంటే, "మీరు నిజంగా ఈ పని చేయాలనుకుంటున్నారా?" అని అడుగుతుంది. అవును అని నొక్కితే మళ్ళీ ఇంకోటి అడుగుతుంది.

"అనుకోకుంటె ఎందుకు నొక్కుతది? గింత అనుమానమేంది దీనికి? పోలీసోడి తీరుంది" అంది అత్తమ్మ, మొహం మీద తడిగుడ్డ వేసుకొని.

3వ రోజు

ఫ్యాను: నాలుగోది. నీళ్ళు: ఆఖరుది. తలుపు: మొదటిది. కాగితం మీద రాసి బల్లకు అంటించాను. ఇంకేం లేదు.

4వ రోజు

ఈ రోజు ఉత్తరాల పేజీ దొరికింది. నాలుగు రోజులుగా దానికోసమే వెతుకుతున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఆయన మాటలు అక్కడ లేవు.

ఇది చదివేవాళ్ళు ఎవరూ ఉండరని ఫర్జానా అక్క చెప్పింది కాబట్టి రాస్తున్నాను. ఆయన పైన ఎండ పలకలు ఊడ్చే గ్యాంగులో పని చేస్తాడు. ఫ్యాన్లు తిరగాలన్నా, నీళ్ళు రావాలన్నా ఆ పలకల నుంచి కరెంటు రావాలి. దుమ్ము పడితే రాదు. అందుకని రోజూ పొద్దు పొడవక ముందే పెద్ద చీపుళ్ళు పట్టుకొని పైకి పోతారు, పొద్దు రెండు మూరలు ఎక్కేసరికి దిగివస్తారు. పైనుంచి ఆయన ఛాతీకి కట్టిన చిన్న డబ్బాలో నాకు నాలుగు మాటలు చెప్పి పంపేవాడు. నేను లేచేసరికి కంప్యూటరులో ఉండేవి. ఒక్కరోజూ తప్పలేదు.

నలభై నాలుగు రోజుల కింద పైన దుమ్ముగాలి లేచింది. ఆరుగురు పైకి పోయారు. నలుగురు దిగారు. ఒకాయన, పోశన్న, శవమై దొరికాడు. మా ఆయన దొరకలేదు.

ఆ పొద్దున్నే పలకల మీద దుమ్ము కప్పి కరెంటు పోయింది. మళ్ళీ వచ్చాక పాత కంప్యూటరు సగమే లేచింది. ఫ్యాన్లు, నీళ్ళు నడిచేవి కానీ ఉత్తరాల పేజీ తెరుచుకోలేదు. కొత్తది పెడితే అన్నీ వస్తాయన్నారు. అందుకే నేను సరే అన్నాను.

వెతకగా వెతకగా అడుగున ఒక మూట లాంటి బొమ్మ కనిపించింది. దాని మీద ఇట్లా ఉంది: "పేరు లేనివి 214. ఇంకా 26 రోజులు ఉంచబడతాయి."

నొక్కితే తెరుచుకోలేదు.

రెండు వందల పద్నాలుగు. నేను ఆయన మాట విన్న ప్రతి రోజూ అలమర లోపలి గోడకు ఒక పసుపు చుక్క పెట్టాను. ఇప్పుడు పోయి లెక్కపెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టాను.

రెండు వందల పదమూడు.

5వ రోజు

ఫర్జానా అక్క ఏడో మెట్టులో ఉంటుంది. ఎక్కి పోయాను. ఆమె పాత కంప్యూటర్ల పొట్టలు విప్పి తీగలు వేరు చేస్తోంది. మాది ఏదో గుర్తుపట్టలేకపోయాను.

చెబుతుంటే ఆమె చేతిపని ఆపింది.

"ఎవలి పేరు మీద పెట్టినవ్ చెల్లె అవన్నీ?"

"పేరు పెట్టలే అక్కా. గుర్తు పెట్టిన. చీపురు బొమ్మ."

"అయ్యో అల్లా" అంది. "పొద్దుల బొమ్మ పెడితే చెల్లేది. వరుస బొమ్మను పేరనుకోదు. మనిషి పేరు కావాలె. పేరు లేకుంటె ముప్పై దినాలు మూటల ఉంచి పారేస్తది."

"నువ్వు పెట్టరాదా అక్కా?"

"నేను పెట్టినా ఒప్పదు. అవి నీకొచ్చిన మాటలు. ఎవలివో నీ గొంతుతోటే చెప్పాలె, లేదంటె నీ చేత్తో రాయాలె. అది బాయి పట్టికల ఆ పేరుందా లేదా చూస్తది. ఉంటె మూట విప్పుతది. మా అత్తగారి పాటలు గిట్లనే నిన్న విప్పినం. రెండు నిమిషాల పని." నా మొహం చూసి నెమ్మదిగా అంది. "చెప్పరాదు చెల్లె. పేరే కదా."

ఆమె వాళ్ళింటి ఆయన్ని మహబూబ్ అని పిలుస్తుంది. వాళ్ళలో మొగుడి పేరు అనొచ్చు, మాలో అనరాదు. ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియక తల ఊపి వచ్చేశాను.

8వ రోజు

రెండు రోజులు ఏమీ రాయలేదు. "మిమ్మల్ని చూడలేదు" అని రాసింది వరుస. నన్ను అది ఎప్పుడు చూసిందో!

మా వాళ్ళలో ఆడమనిషి మొగుడి పేరు రెండుసార్లే అంటుంది. మొగుడూ పెళ్ళాం పేరు రెండుసార్లే అంటాడు. మొదటిసారి కింది గడపలో. అంటే పెళ్ళయి ఇంటికి వచ్చిన రోజు, ఇంటి గడప దగ్గర. రెండోసారి పై గడపలో. అది బాయి అంచున, ఎండలోకి పోయే దారి మొదట్లో ఉన్న ఇనుప కమ్మీ. ఒకరు పోయాక, మిగిలినవాళ్ళు అక్కడ నిలబడి ఆ పేరు గట్టిగా అంటారు. అన్నాక ఇంటికి వచ్చి, ఆ మనిషి కోసం వెలిగించి ఉంచిన దీపం ఆర్పుతారు. ఇక ఎదురుచూడరు. పోయే మనిషికి ముందే తెలిస్తే ఆ మనిషే ముందు అంటాడు. మా తాత మంచంలో పోతూ అమ్మమ్మను పేరు పెట్టి పిలిచాడు. నా కోసం చూడొద్దు అని దాని అర్థం. అమ్మమ్మ ఏడవలేదు, లేచి దీపం ఆర్పింది.

మా పెళ్ళి రోజున ఆడవాళ్ళు గడపకు అడ్డం నిలబడ్డారు. ఆయన నా పేరు బాయి అంతా వినిపించేలా అన్నాడు. అందరూ నవ్వారు. నావంతు వచ్చేసరికి నోరు పెగల్లేదు. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు, గోనె రెండుసార్లు ఎండితే రెండుసార్లు తడిపారు. చివరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అన్నాను.

"ఎవలకు వినవడలే! మల్ల అనాలె!" అంది అత్తమ్మ.

"నాకు వినవడ్డది. సాలు" అన్నాడు ఆయన.

తర్వాత ఆయన మాటలు వచ్చినప్పుడు పాత కంప్యూటరు "ఎవరివి?" అని అడిగింది. నేను మౌసు పట్టుకొని కూర్చుండిపోయాను. ఆయన వెనక నిలబడి, "రాయవా? సరే, ఏదన్న బొమ్మ పెట్టు. పులి బొమ్మ పెట్టు" అన్నాడు. నేను వెతికి చీపురు బొమ్మ పెట్టాను. "ఓసి దొంగా! పులి కావాల్నంటె చీపిరి చేస్తివా" అని నవ్వుతూ పైకి పోయాడు.

అంతే జరిగింది. అప్పుడు పేరు రాసి ఉంటే ఈ రోజు ఇది ఉండేది కాదు. కానీ అప్పుడు ఎట్లా రాస్తాను?

9వ రోజు

అత్తమ్మకు చెప్పాను. చెప్పక తప్పలేదు. బల్ల ముందు కూర్చొని ఏడుస్తుంటే చూసింది.

అంతా విని, మోకాళ్ళు పట్టుకొని లేచి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. "గింతేనా? నేను చెప్త. నేను కన్నదాన్ని, నాకేం అడ్డం? దీని చెవి ఏడున్నదే?"

ఇక్కడ అని చూపించాను. నోరు దానికి ఆనించి కొడుకు పేరు చెప్పింది. ఇంటిపేరుతో చెప్పింది.

"క్షమించండి. ఇవి మీకు వచ్చినవి కావు" అంది వరుస.

"నాకు రాకుంటే ఏందే? వాడు నాకొచ్చినోడే గదా!"

"క్షమించండి. ఇవి మీకు వచ్చినవి కావు."

మూడోసారి బతిమాలినట్టు చెప్పింది. చిన్నప్పటి ముద్దుపేరు కూడా చెప్పింది. నాలుగోసారి బల్లను చేత్తో చరిచింది. "తొమ్మిది నెలలు మోసిన, నాకు కాదంటవా నువ్వు? నిన్నెవలు కన్నరే?"

అత్తమ్మ మంచం దగ్గరికి పోయి, గూట్లో దీపంలో నూనె పోసింది. ఆయన రాని రోజు నుంచి అది వెలుగుతూనే ఉంది.

"నువ్వు మాత్రం అనకు" అంది అటు తిరిగే. "వాడు పైన ఏడనో ఉన్నడు. పాత పంపుల గదులున్నయి, సొరంగాలున్నయి. నువ్వు పేరన్నవంటె పై గడపల అన్నట్టే. వాడు వచ్చే తొవ్వ మూసుకుంటది."

"చేత్తో రాస్తేనో అత్తమ్మా?"

"చెయ్యి నీది కాదా?"

నేను అనను అన్నాను. అత్తమ్మ కోసం అన్నట్టు అన్నాను కానీ నాకూ అదే భయం.

13వ రోజు

ఒక ఉపాయం తోచింది. మూట పోతే పోనీ, నాకు గుర్తున్నవన్నీ ఇక్కడ రాసుకుందాం అనుకున్నాను. అన్నీ ఒకే తీరుగా మొదలయ్యేవి: "ఇగో. లేచినవా? అమ్మ లేచిందా?" ఆ తర్వాతవి.

తూర్పు దిక్కు ఇయ్యాల ఎర్రగున్నది, నీ పెండ్లి చీర తీరు.

పలక మీద ఒక తొండ పండుకున్నది. దాన్ని లేపబుద్ధి కాలే. దాని సుట్టు ఊడ్చిన.

మేస్త్రి రాయమల్లు తాత తుమ్మితే ఆయన ఊడ్చిన పలక మీదనే మల్ల దుమ్ము పడ్డది.

నిన్నటి పచ్చడి బాగున్నది. రాత్రి చెప్పుడు మరిచిన.

ఇట్లా రాస్తూ పోతే పదిహేడు వచ్చాయి. పద్దెనిమిదోది రాసి చూస్తే అది మూడోదే. ఇంకోటి గుర్తొచ్చింది కానీ అది ఆయన అన్నదా, నేను అనుకున్నదా తెలియలేదు.

రాసినవి చదువుకుంటే అవి నా గొంతుతోనే వినిపిస్తున్నాయి. ఆయన గొంతు ఎట్లా ఉండేదో తలుచుకుందామంటే నోరు కదలడం కనిపిస్తుంది, చప్పుడు రాదు.

14వ రోజు

ఇంకా పదహారు.

17వ రోజు

ఈ రోజు నూకలు కడుగుతూ, తెర వైపు చూడకుండా ఫ్యాను పెంచాను. నాలుగో బొమ్మ. చెయ్యి దానంతట అదే పోయింది.

పెంచాక తెలిసింది ఏం చేశానో. బల్లకు అంటించిన కాగితం ఎప్పుడు ఊడి పడిందో కూడా చూడలేదు. నేను దాన్ని వాడడం మానేసి ఎన్ని రోజులయిందో.

పక్కింటి లింగవ్వ వదినెకు తలుపు మూయడం రాక నన్ను పిలిచింది. పోయి నేర్పాను. "చదవకు వదినె. చేతికి ఒదిలెయ్" అన్నాను. అన్నాక అక్కడ నిలబడలేక వచ్చేశాను.

వరుస మంచిదే. అబద్ధం ఎందుకు చెప్పాలి. నీళ్ళు వచ్చే ముందు చెబుతుంది. అత్తమ్మ మంచం వైపు ఫ్యాను దానంతట అదే తిప్పుతుంది. పాతది రోజుకు రెండుసార్లు బిగుసుకుపోయేది, పక్కన ఒకటి చరిస్తే కదిలేది. ఎక్కడ చరచాలో నాకు తెలుసు. ఇప్పుడు ఆ తెలివితో పనిలేదు.

చెయ్యి ఇంత తొందరగా మారిపోతే మిగతాది కూడా మారుతుందా?

21వ రోజు

అత్తమ్మకూ నాకూ మాటా మాటా అయింది. నిజానికి మాటలు ఆమెవే.

నేను మూట బొమ్మను చూస్తూ కూర్చున్నాను. ఇంకా తొమ్మిది రోజులు అని ఉంది.

"రోజూ గదేం జూస్తవే? అనాలని ఉన్నదా నీకు? అను. అని దీపం ఆర్పు. నీది సిన్న వయసు, మల్ల ఏ గడప తొక్కుతవో తొక్కు" అంది.

నేను లేచి గోనె తడిపి వచ్చాను. సగం నీళ్ళు కింద పోయాయి. ఆ నీళ్ళను గుడ్డతో తీసి మళ్ళీ గోనెకే పిండాను.

అప్పుడు ఒక మాట నోట్లోకి వచ్చింది. అనలేదు. ఇక్కడ రాస్తున్నాను. అత్తమ్మా, నువ్వు ఆయన వస్తాడని పట్టుకున్నావు. నేను విననిది ఒకటి ఆ మూటలో ఉంది. ఆ పొద్దున పంపింది. ఆయన ఎక్కడికి పోతున్నాడో చెప్పి ఉంటే? ఏ పంపుల గదిలోనో ఉన్నానని చెప్పి ఉంటే? వెతకనీకుండా ఆపుతున్నది నేనే అయితే?

అరవై రోజులు నీళ్ళు లేకుండా ఎవరూ ఉండరు. అది కూడా నాకు తెలుసు.

25వ రోజు

మేస్త్రి రాయమల్లు తాత వచ్చాడు. మా ఆయన చీపురును తెచ్చి తలుపు పక్కన నిలబెట్టాడు. దుమ్ము తీస్తుంటే పడమటి పలకల కింద దొరికిందట. కట్టె మీద ఆయన చెక్కుకున్న పులి బొమ్మ ఉంది. పులి లాగా లేదు, కుక్క లాగా ఉంది.

"ఇంకేం దొరకలే లచ్చవ్వా" అన్నాడు తాత అత్తమ్మతో. "వానికి ముందుగాల తెలిసింది గాలి లేస్తున్నదని. మమ్ముల దిగుమని ఒర్రిండు. మేం నలుగురం దిగినం. వాడు పడమటి దిక్కున్న పోశన్నను పిలుస్తనని పోయిండు. గాలి మనిషిని నిలవనియ్యలే, వాన్ని లేపుకపోయింది. నేను జూసిన. నీకు చెప్పేటందుకు గిన్ని దినాలాయె నాకు."

అత్తమ్మ చీపురును ఒళ్ళో పెట్టుకొని దాని పుల్లల్లోని దుమ్మును గోటితో తీస్తూ కూర్చుంది.

28వ రోజు

ఈ రోజు పొద్దున అత్తమ్మ తనంతట తానే బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఏమంటుండే వాడు రోజూ?"

"ఎవరు అత్తమ్మా?"

"ఇంకెవలు? గంట సేపు చెవుల తీగ పెట్టుకొని ముసిముసి నవ్వులు నవ్వుతుంటివి. ఏమన్నడే అంటె, ఏం లేదత్తమ్మా అంటుంటివి. ఒక్కనాడన్న నాకు వినవెడితివా?"

నిజమే. అత్తమ్మ వింటుందేమోనని సిగ్గుపడి, చెవిలో తీగ పెట్టుకొనే విన్నాను. రెండు వందల పదమూడు రోజులు. ఇదే ఇంట్లో నాలుగు అడుగుల దూరంలో ఉండి, ఆమె ఒక్కటీ వినలేదు.

"నన్ను అడిగేటోడా?" అంది. తల ఎత్తకుండా అంది.

"రోజూ అడిగేటోడు."

"ఏమని?"

"ముందు అదే అడిగేటోడు. అమ్మ లేచిందా అని."

అత్తమ్మ చాలాసేపు బల్లమీది తెల్లటి జాగాను చేత్తో తుడుస్తూ కూర్చుంది. అక్కడ దుమ్ము లేదు.

"నేను వాని పేరు ఎన్నిమాట్లన్న అంట. పుట్టిననాటి సంది అంటనే ఉన్న. అయినా వాడు పలుకుతలేడు" అంది. "నువ్వంటే పలుకుతడట గదా. పలకనీ బిడ్డా."

"తొవ్వ మూసుకుంటది అన్నవు గదత్తమ్మా."

"రాయమల్లు జూసిండట. మేస్త్రి అబద్ధమాడడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కాకపోతే ముందుగాల డబ్బకు కాదు. పై గడపల అను. ఊకె పారేసినట్టు కాదు, మర్యాదతోటి అను. ఎల్లుండి గ్యాంగు పోయే యాళ్ళకు పోదాం."

30వ రోజు

చీకటి ఉండగానే బయలుదేరాం. తొమ్మిది మెట్లు ఎక్కడానికి అత్తమ్మ పదకొండుసార్లు కూర్చుంది. ఎత్తుకుంటానంటే తిట్టింది. చీపురును ఊతకర్రలా పట్టుకొని ఎక్కింది.

పై గడప చేరేసరికి తూర్పు తెల్లబడుతోంది. నేను అంత పైకి ఎప్పుడూ రాలేదు. ఇనుప కమ్మీకి అవతల నేల ఎంత దూరం పోతుందో అంత దూరం పలకలు. నీళ్ళు నిలిచినట్టు ఉన్నాయి. ఆయన రోజూ చూసింది ఇదే. ఇంత ఉందని ఎప్పుడూ చెప్పలేదు. తొండ గురించి చెప్పాడు.

గ్యాంగు వాళ్ళు మమ్మల్ని చూసి చీపుళ్ళు నేలకు దించి పక్కకు నిలబడ్డారు. రాయమల్లు తాత తలగుడ్డ తీశాడు.

నోరు పెగల్లేదు. పెళ్ళి రోజు లాగే. కొంగు నోటి దగ్గరికి పోయింది. అత్తమ్మ ఆ చెయ్యి పట్టుకొని కిందికి దించింది. అట్లాగే పట్టుకొని నిలబడింది.

"ఓదెలూ" అన్నాను.

చిన్నగానే వచ్చింది. అత్తమ్మకు వినిపించిందో లేదో. మళ్ళీ అనమంటుందేమో అని చూశాను. అనలేదు. పలకల మీద నుంచి చల్లగాలి వచ్చింది. అంత చల్లటి గాలి బాయిలో ఎప్పుడూ ఉండదు.

పొద్దు పొడవక ముందే దిగాం. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కోకుండానే బల్ల ముందు కూర్చున్నాం. మూట బొమ్మ మీద "ఈ రోజే" అని ఉంది. నొక్కాను. "ఇవి ఎవరివి?" అని అడిగింది.

చెప్పాను. మూడోసారి అనడం తప్పో కాదో నాకు తెలియదు. తప్పయితే నాదే.

"మీరు నిజంగా ఈ పేరు పెట్టాలనుకుంటున్నారా?"

"అవును" అన్నాను. అత్తమ్మ కూడా అవును అంది.

చీపురు బొమ్మ పోయి అక్కడ ఆయన పేరు వచ్చింది. కింద వరసగా రెండు వందల పద్నాలుగు. చెవి తీగ బల్లమీదే ఉంది. దాన్ని తీసి సొరుగులో పెట్టాను.

"ఆఖరుది పెట్టు ముందుగాల" అంది అత్తమ్మ.

పెట్టాను. అంతా గాలి. దుమ్ము పలకల మీద రాలుతున్న చప్పుడు, దూరంగా ఎవరో దగ్గుతున్న చప్పుడు. ఇగో అనలేదు. లేచినవా అనలేదు. ఎక్కడున్నాడో చెప్పలేదు.

"రాజమణీ" అన్నాడు.

కింది గడపలో అన్నంత గట్టిగా అన్నాడు. తర్వాత గాలే. గాలి ఆగిపోయాక తెర మీద ఏమీ కదల్లేదు.

నా పేరు విని చాలా రోజులయింది. ఇంట్లో కోడల్ని, బిడ్డను, పిల్లను. అది నా పేరే అని తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

"వాడే ముందు అన్నడు బిడ్డా" అంది అత్తమ్మ. "మనం గిన్ని దినాలు..." అని ఆగిపోయింది. గోడ పట్టుకొని లేచి గూటి దాకా పోయింది. దీపాన్ని ఊదలేదు, రెండు వేళ్ళతో వత్తిని పట్టుకొని ఆర్పింది. కాలిందేమో, వేళ్ళు నోట్లో పెట్టుకుంది. అట్లాగే కొంచెంసేపు గోడ వైపు నిలబడి, తర్వాత వచ్చి నా పక్కన కూర్చుంది.

నేను అలమర తెరిచి రెండు వందల పద్నాలుగో చుక్క పెట్టి వచ్చాను.

"ఇగ మొదటిది పెట్టు" అంది.

ముప్పై రోజులు పూర్తయ్యాయనీ, ఇక రాయనవసరం లేదనీ, నేను కంప్యూటరుకు అలవాటయ్యాననీ తెర మీద వచ్చింది. దాన్ని మూసేశాను. ఎడమ పక్కన. చెయ్యి తప్పు పోలేదు.

మొదటిది నొక్కాను. పలకల మీద చీపురు చప్పుడు. ఆగింది. గొంతు సవరించుకున్నాడు. కొత్త కదా, ఆయనకూ సిగ్గుగానే ఉన్నట్టుంది.

"ఇగో. లేచినవా? అమ్మ లేచిందా?"

అత్తమ్మ తెర దగ్గరికి వంగింది.

"లేచిన కొడుకా" అంది. "లేచే ఉన్న."